వేలొక చోట, నోరొక చోట: పులియాంతోపులో ఒక కార్పొరేషన్ బడి కేస్ స్టడీ

ఈ కేసు రాయమని, బడి పిల్లల తల్లిదండ్రులతో పనిచేసే మా ఆఫీసులో చాన్నాళ్ళుగా అడుగుతున్నారు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఒకచోట ఆగిపోయేదాన్ని. మా రిపోర్టుల్లో "తల్లిదండ్రుల భాగస్వామ్యం పెరిగింది" అనే వాక్యం తప్పకుండా ఉంటుంది. ఏ రోజున పెరిగిందమ్మా అని ఎవరైనా అడిగితే నీళ్ళు నమలాలి. ఈ బడి సంగతిలో మాత్రం ఆ రోజు నాకు బాగా గుర్తు. 2022 సెప్టెంబరులో ఒక ఆదివారం, బోర్డు ఇళ్ళ (మురికివాడల బోర్డు కట్టించిన క్వార్టర్ల) మెట్ల మీద. అయితే దానికి ముందు నేను చేసిన తప్పులు చెప్పాలి. అవి చెప్పకపోతే ఆ ఆదివారం విలువ తెలియదు.

ఎవరు, ఎక్కడ

ఉత్తర చెన్నైలో పులియాంతోపు, బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్పాడి చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపుల నుంచి తాతముత్తాతల కాలంలో మద్రాసు వచ్చి, ఊరు ఊడ్చే పనిలో కుదురుకున్న కుటుంబాలు. సర్టిఫికెట్లలో ఆది ఆంధ్ర అనో, అరుంధతియర్ అనో ఉంటుంది. షెడ్యూల్డ్ కులాలకున్న 18 శాతం రిజర్వేషన్‌లో 3 శాతం వీళ్ళకోసం విడిగా కేటాయిస్తూ 2009లో తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసింది. ఆ 3 శాతం అందుకోవాలంటే ముందు పన్నెండో తరగతి దాకా రావాలి కదా. నేను పనిచేసే వీధిలో చాలామందికి చదువు ఎనిమిదితో ఆగిపోయేది.

ఇంట్లో మాట తెలుగే. అయితే చదివే తెలుగు కాదు. ఒకరిద్దరు ముసలివాళ్ళు తప్ప తెలుగు అక్షరం గుర్తుపట్టేవాళ్ళు లేరు. మాటల్లో తమిళం కలిసిపోయి ఉంటుంది, బడి వాళ్ళకి పళ్ళికూడం. నేను సూళ్ళూరుపేట నుంచి పెళ్ళై వచ్చినదాన్ని. మొదట్లో నా మాట విని "అక్క టీవీలో మాదిరి మాట్లాడతాది" అని నవ్వేవాళ్ళు.

తల్లుల్లో ఎక్కువమంది కార్పొరేషన్ పనిలోనే ఉన్నారు. కొందరు వీధులు ఊడుస్తారు, కొందరు బ్యాటరీ బండి మీద ఇంటింటి చెత్త తీసుకుంటారు. ఆరింటికి హాజరు వేయించుకోవాలంటే ఐదున్నరకల్లా గడప దాటాలి. పిల్ల నిద్రలో ఉండగానే తల్లి వెళ్ళిపోతుంది, మధ్యాహ్నం రెండు దాటాక వస్తుంది. పిల్లను లేపేది, జడ వేసేది, బడికి తోలేది పక్కింటి అవ్వో, పదేళ్ళ అక్కో. "వీళ్ళకి చదువు మీద ధ్యాస లేదు" అని బడిలో అనుకునేవాళ్ళు. నేనూ మొదటి నెలలో ఒకసారి అనుకున్నాను, దాచడమెందుకు.

మరుగుదొడ్డి మీద ఆరు నెలలు

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే కావాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కూడా ఈ కమిటీయే. చాలా ఏళ్ళపాటు ఇది కాగితం మీదే నడిచింది. 2022 మార్చి 20న తమిళనాడు అంతటా ఒకే రోజు ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు పెట్టి, తర్వాతి నెలల్లో కమిటీలు కొత్తగా వేశారు. అధ్యక్షురాలు ఒక తల్లే అయి ఉండాలి. అప్పట్లో నెలలో మొదటి శుక్రవారం కూర్చోవాలి. తీర్మానాలు ఫోన్‌లో యాప్‌లోకి ఎక్కించాలి.

మా వీధి నుంచి ఏడుగురు తల్లులు కమిటీలోకి వచ్చారు. అధ్యక్షురాలు కూడా మా వీధి మనిషే, బ్యాటరీ బండి తోలుతుంది. మాకు పండగే పండగ. రెండు ఆదివారాలు చార్టు పేపర్లు గోడకంటించి చట్టం మీద క్లాసు చెప్పాను. అయ్యాక "ఏం అడుగుదాం?" అంటే అందరిదీ ఒకటే మాట: మరుగుదొడ్డి. ఆడపిల్లల దొడ్డికి గడియ లేదు, కుళాయిలో నీళ్ళు రావు.

న్యాయమైన కోరికే. అర్జీ రాశాం, సంతకాలు పెట్టించాం, ముప్ఫై మందిమి కలిసి వెళ్ళాం. హెడ్‌మిస్ట్రెస్ ముఖం మాడిపోయింది. "గడియ నా డబ్బుతో రెండుసార్లు వేయించాను. పైపు నా చేతిలో లేదమ్మా. పైకి రాశాను, మీరూ రాయండి" అంది. తప్పించుకుంటోంది అనుకున్నాం. బయటికొచ్చాక ఆమె మీద రెండు మాటలు కూడా అన్నాం. తర్వాత కనుక్కుంటే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కట్టడం పనులు గానీ నీళ్ళు గానీ ఆమె చేతిలో లేవు. పైనుంచి చీవాట్లు, కిందినుంచి మా అర్జీలు, మధ్యలో ఆమె.

ఆ తర్వాత శుక్రవారాలు ఎలా జరిగాయో చెప్పాలా? ఎవరో తమిళంలో గబగబా చదివేవాళ్ళు. అధ్యక్షురాలు పొద్దుటి నుంచి బండి తోలి తోలి వచ్చి ఫ్యాను కింద కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. టీ, రెండు బిస్కెట్లు, రిజిస్టరులో సంతకం. ఆగస్టుకల్లా ఏడుగురిలో వచ్చేది ముగ్గురే.

దొడ్డి తర్వాతెప్పుడో బాగైంది. మా అర్జీ వల్ల కాదు, ఏదో మరమ్మతుల వరుసలో ఈ బడి పేరు కూడా వచ్చింది.

మెట్ల మీద

ఆ ఆదివారం నేను ఒక కాగితం పట్టుకుని వెళ్ళాను. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న పద్ధతి అది: ఒక పేజీలో అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఒక కథ. పిల్లను ఇంటి దగ్గరే కూర్చోబెట్టి, ఎంతదాకా చదవగలదో చూస్తారు. నిజం చెప్పాలంటే అది తల్లుల కోసం కాదు, నా రిపోర్టులో ఒక పట్టిక కోసం.

ముందుగా అధ్యక్షురాలి కూతురు వచ్చింది. నాలుగో తరగతి. కాగితం ఎందుకక్కా అని తన తమిళ పుస్తకమే తెచ్చుకుని, పాఠం తెరిచి, వేలు పెట్టి గడగడా చదివేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మురిసిపోయారు. తల్లికి తమిళం చదవడం రాదు, సంతకం ఒక్కటే వచ్చు. పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుని, అందరూ పిల్ల ముఖం చూస్తుంటే ఆమె పిల్ల వేలు చూస్తోంది. ఉన్నట్టుండి "ఆగు" అంది. "మళ్ళీ చదువు." పిల్ల మళ్ళీ చదివింది.

"అక్కా, దీని వేలు ఆ చివరికి పోయింది, నోరు ఇంకా ఆడతానే ఉంది. అదెట్టా?"

నాకు చప్పున అర్థం కాలేదు. ఆమె పుస్తకం లాక్కుని, పేజీ మధ్యలో ఒక మాట మీద తన వేలు పెట్టింది. అది ఏ మాటో ఆమెకీ తెలియదు. "ఇదేంది?" అంది. పిల్ల మొదటి వాక్యం నుంచి గొణుక్కుంటూ ఆ మాట దాకా రావాలని చూసింది. తల్లి వేలు తీసి ఇంకో మాట మీద పెట్టింది. పిల్ల తల వంచుకుంది. పాఠమంతా కంఠతా వచ్చు. విడిగా అడిగితే అక్షరాలు సగం రావు.

కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. తర్వాత ఒకామె లేచి వెళ్ళి తన కొడుకుని చెవి పట్టుకుని తీసుకొచ్చింది. ఇంకొకామె గోలీలాడుతున్న మనవణ్ణి. చీకటి పడేదాకా మెట్ల మీద అదే పని. నా కాగితం సంచిలోనే ఉండిపోయింది. సగానికి పైగా పిల్లలకు వేలొక చోట, నోరొక చోట.

"వేలు పరీక్ష" అని పేరు కూడా వాళ్ళే పెట్టారు. చదువురాని తల్లి చేయగలిగిన పరీక్ష అది. తమిళం తెలియనక్కర్లేదు, ఏ లిపీ తెలియనక్కర్లేదు, వేలూ నోరూ కలిసి నడుస్తున్నాయా లేదా చూస్తే చాలు. నేను ఎన్నో ట్రైనింగులకు వెళ్ళాను, లక్షణంగా భోజనాలు పెట్టారు, ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు.

పళ్ళి, పల్లి, బల్లి

ఇంతమంది ఎందుకు ఆగిపోయారు? కరోనా ఒక కారణం. ఆ పిల్ల ఒకటో తరగతి చివర్లో ఉండగా 2020 మార్చిలో బడి మూశారు. మళ్ళీ 2021 నవంబరు 1న తెరిచేసరికి మూడో తరగతిలో ఉంది. ఇది అందరికీ తెలిసిందే. దానికింద ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పైకి అనలేదు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుతున్నారు.

వీధి తమిళం వీళ్ళకి బాగానే వచ్చు. పుస్తకం తమిళం వేరు. పైగా తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకూ, త, ద లకూ, ప, బ లకూ అంతే. ఎక్కడ ఏది పలకాలో మాట ముందే తెలిసినవాళ్ళకి సులువు. తమిళ ఇంటి పిల్ల "పగల్" అన్న మాటను చూడగానే సరిగ్గా చదివేస్తుంది, ఆ మాట చెవిలో ఉంది కాబట్టి. మా పిల్ల "పకల్" అని కూడబలుక్కుని, అదేమిటో తెలియక ఆగిపోతుంది. అది మన పగలే అని ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే చాలు, జన్మలో మరిచిపోయేది కాదు.

తమిళంలో పళ్ళి అంటే బడి, పల్లి అంటే బల్లి. మూడో తరగతి వాడొకడు రోజూ పల్లికి పోతున్నానని రాసి క్లాసంతటినీ నవ్వించాడు. వీడు అంటే తమిళంలో ఇల్లు. "ఇది నా వీడు" అన్న వాక్యం వస్తే పక్కవాణ్ణి వేలెత్తి చూపించాడట ఒకడు. మాకు నవ్వొచ్చింది. క్లాసులో మాత్రం వాడు మొద్దు కింద జమ.

ఇక్కడే వీధిలో పెద్ద రగడ జరిగింది. ఒకప్పుడు నగరంలో తెలుగు మీడియం సెక్షన్లు బాగానే ఉండేవి, ఒక్కొక్కటే సన్నగిల్లాయి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఆ వరుస 2015-16కి పదో తరగతికి చేరాక, భాషా మైనారిటీ పిల్లలకు మినహాయింపు కోసం హైకోర్టుకీ సుప్రీంకోర్టుకీ వెళ్ళారు. మా వీధి పెద్దలు కొందరు తెలుగు సెక్షన్ తెరవమని అర్జీ పెట్టాల్సిందే అని పట్టుబట్టారు. నా మనసు కూడా అటే లాగింది. ఈ ఊళ్ళో తెలుగు బోర్డు కనబడితే ఆగి చదివే మనిషిని నేను.

తల్లులు ఒప్పుకోలేదు. "తెలుగు మా ఇంట్లో ఉంది తాతా, యాడికీ పోదు. తమిళం రాకనే కదా నేను బండి తోలతా ఉండేది" అంది అధ్యక్షురాలు. పెద్దాయన తగ్గలేదు. "బళ్ళో మొట్టమొదట కూడు పెట్టించింది ఎవరనుకున్నావు? మన త్యాగరాయ చెట్టి గారు!" అన్నాడు. ఆ మాట నిజమే. పిట్టి త్యాగరాయ చెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న 1920లోనే, మద్రాసులో థౌజండ్ లైట్స్ అనే పేటలోని బడి పిల్లలకు తలా రోజుకి అణా మించకుండా ఫలహారం పెట్టాలని తీర్మానం చేశారు. వెనక నుంచి ఒక అవ్వ అంది: "పెట్టినాడు సరే. ఇప్పుడు దీనికి అక్షరాలు ఎవురు పెడతారో చెప్పు."

అర్జీ రాయలేదు. ఆ పెద్దాయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆయన బాధ తప్పని ఇప్పటికీ నేను అనను.

ఆమె చేతిలో ఉన్నదే అడిగాం

అక్టోబరు శుక్రవారానికి ఏడుగురూ వచ్చారు. ఈసారి అర్జీ లేదు. అధ్యక్షురాలు ఒక్క ప్రశ్న అడిగింది: "మేడం, మా పిల్లలు ఏ గుంపులో ఉన్నారు?"

ఆ ఏడాది జూన్ నుంచి ఒకటి నుంచి మూడు తరగతులకు ఎణ్ణుం ఎళుత్తుం అనే కార్యక్రమం మొదలైంది. పిల్లలు ఏ తరగతిలో ఉన్నారని కాకుండా, ఎంతదాకా వచ్చారన్నదాన్ని బట్టి అరుంబు, మొట్టు, మలర్ అని మూడు గుంపులు చేసి చెబుతారు. చిన్న మొగ్గ, విచ్చుకోబోయే మొగ్గ, పువ్వు అన్నమాట. ఆ మాటలు తల్లులకి బాగా పట్టుకున్నాయి. హెడ్‌మిస్ట్రెస్ ముందు కరోనా గురించి చెప్పింది, తర్వాత బీరువా తీసి జాబితా బల్ల మీద పెట్టింది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి అప్పటికి ఆ గుంపులు లేవు. వాళ్ళ గురించి ఆమెకీ దిగులుగానే ఉంది.

మెట్ల మీద చూసిన సంగతి తల్లులు చెప్పారు. గంటన్నర మాట్లాడుకున్నారు, సగం తమిళం సగం తెలుగు, నేను మధ్యలో దుబాసీని. ఆ సోమవారం నుంచి నాలుగు, ఐదు తరగతుల్లో వెనకబడిన పిల్లలందరినీ రోజూ మొదటి పీరియడ్ ఒకచోట కూర్చోబెట్టి చదివించడానికి ఒక టీచరు ఒప్పుకుంది. దీనికి పైనుంచి ఉత్తర్వు అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు, పైపు అక్కర్లేదు. హెడ్‌మిస్ట్రెస్ తల ఊపితే సరిపోయింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. ఆరు నెలలు మేం ఆమెను అడిగింది ఆమె వల్ల కాని పని. చెయ్యలేని మనిషిని ముప్ఫై మంది చుట్టుముట్టి అడిగితే ఆ మనిషి తలుపేసుకుంటుంది, ఇంకేం చేస్తుంది? చేతిలో ఉన్న పని అడిగితే బీరువా తెరిచింది.

అన్నీ సాఫీగా జరగలేదు. నవంబరులో ఒక తల్లి ఉత్సాహం పట్టలేక బడికే వెళ్ళి, క్లాసు మధ్యలో కొడుకుని నిలబెట్టి వేలు పరీక్ష పెట్టేసింది. ఆ టీచరు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇన్‌స్పెక్షనా ఇది అని స్టాఫ్ రూములో గొడవ. నేనూ అధ్యక్షురాలూ వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాం. ఆ రోజు నుంచి కట్టుబాటు: వేలు పరీక్ష ఇంటి దగ్గరే, బడి గేటు లోపల కాదు.

సాయంత్రం, పొద్దున

ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లాలో 280 గ్రామాల్లో జరిగిన ఒక ప్రయోగం గురించి మా రంగంలో అందరం చదువుతాం. చేసినవాళ్ళలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు, ప్రథమ్ వాళ్ళు క్షేత్రంలో పనిచేశారు. కొన్ని ఊళ్ళలో సమావేశాలు పెట్టి కమిటీ హక్కులు చెప్పారు. కొన్నిచోట్ల అదనంగా పిల్లల చదువు పరీక్షించడం నేర్పారు. ఇంకొన్నిచోట్ల ఈ రెండూ చేసి, ఊళ్ళోని వాలంటీర్లకు చదవడం నేర్పించే పద్ధతి కూడా చెప్పారు. మొదటి రెండిటి వల్ల కమిటీలూ కదల్లేదు, పిల్లల చదువూ పెరగలేదు. వాలంటీర్ల క్లాసులకు వెళ్ళిన పిల్లలు మాత్రం చదవడం నేర్చుకున్నారు.

నా చార్టు పేపర్లు గుర్తొస్తే సిగ్గేస్తుంది. వేలు పరీక్ష ఒక్కటే ఉన్నా ఇంతే అయ్యేది. తల్లి పరీక్ష పెడుతుంది, పిల్లకి రాదని తెలుస్తుంది, నాలుగు తిట్లు తిడుతుంది, అక్కడితో సరి. మర్నాడు సాయంత్రం ఆ పిల్లను ఎక్కడికి పంపాలన్నది ఉండాలి. మా అదృష్టం కొద్దీ ఇల్లం తేడి కల్వి సెంటరు వీధిలోనే ఉంది. 2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం అది: వాలంటీరుకి నెలకి వెయ్యి రూపాయలు, సాయంత్రం పిల్లలకి ఆటపాటల చదువు. మా వాలంటీరు వీధి పిల్లే, పన్నెండు పాసైంది, ఇంట్లో తెలుగు. అంతవరకూ తెలుగు మాట వస్తే తప్పు చేసినట్టు నాలిక కరుచుకునేది. తెలుగులోనే చెప్పు, తమిళంలో చదివించు అని తల్లులు అన్నాక ఆ పిల్లకి ప్రాణం లేచొచ్చింది.

గోడకి ఒక చార్టు పెట్టింది. కణ్ – కన్ను, కాల్ – కాలు, పాల్ – పాలు, తలై – తల, పగల్ – పగలు, ఊర్ – ఊరు. రోజుకి నాలుగు మాటలు. పిల్లలు ఇంటికెళ్ళి అవ్వల్ని అడిగి కొత్తవి తెచ్చేవాళ్ళు. తెలుగు సెక్షన్ కావాలన్న పెద్దాయన ఒకరోజు వచ్చి, చార్టు చూసి, ఏమీ అనకుండా కూర్చున్నాడు. తర్వాత వారం ఆయనే ఒక మాట పంపాడు: ముళ్ – ముల్లు.

పొద్దుటి సంగతి అవ్వలు చూసుకున్నారు. లారీలు తిరిగే రోడ్డు దాటించడానికి ఇద్దరు అవ్వలు ఏడూముప్పావుకి కింద నిలబడి పిల్లల్ని లైన్లో తీసుకెళ్ళేవాళ్ళు. మొదట్లో రానని మొరాయించే పిల్లలు చాలామంది. 2023లో ముఖ్యమంత్రి ఉదయం టిఫిన్ పథకం ఈ బడికీ వచ్చాక మొరాయించడం తగ్గింది. ఉప్మా, పొంగల్ చేసినంత పని నా కౌన్సెలింగు చెయ్యలేదు.

ఏం మారింది, ఏం మారలేదు

2023 ఏప్రిల్‌లో మళ్ళీ మెట్ల మీద కూర్చున్నాం. మా జాబితాలోని నాలుగు, ఐదు తరగతుల పిల్లల్లో ఇద్దరు తప్ప అందరూ కొత్త పేరా, ఎప్పుడూ చూడనిది, వేలు తప్పకుండా చదివారు. ఇదంతా మా గొప్పే అని నేను అనను. పోల్చి చూడటానికి పక్క వీధి జాబితా మా దగ్గర లేదు. బడి తెరిచాక కొందరు ఎలాగూ పుంజుకునేవాళ్ళే.

మిగిలిన ఇద్దరిలో ఒక పిల్ల సంగతి మా అందరికీ తలవంపు. ఏడు నెలలు వేలు తప్పుతోందని సతాయించాం. చివరికి అవ్వ అంది, "దానికి కండ్లు ఆనవేమో చూడండి" అని. ఎగ్మోర్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే, కళ్ళజోడు రాశారు. జోడు పెట్టుకున్న వారంలోనే వేలు కుదురుకుంది. అప్పటినుంచి ఏ వీధిలో మొదలుపెట్టినా కంటి పరీక్షే ముందు.

లెక్కల్లో ఏమీ మారలేదు. చదివించడంలో పడి దాని జోలికే పోలేదు. ఐదో తరగతి పిల్లలకి భాగహారం రాదు, మాకు దానికి వేలు పరీక్ష లాంటిది దొరకలేదు. ఎనిమిది తర్వాత ఆగిపోవడం కూడా అంతే ఉంది, ఆ వయసుకి బడి కంటే ఇంటి అవసరాలే గట్టిగా లాగుతాయి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి కింది ఇళ్ళలో నడుము లోతు నీళ్ళు. చార్టు కొట్టుకుపోయింది. ఆ తర్వాత సాయంత్రం సెంటరు కొంతకాలానికి ఆగిపోయింది. వాలంటీరు పిల్లకి తాంబరం వైపు ఉద్యోగం దొరికింది, సంతోషమే. ఇప్పుడు అవ్వలూ ఇద్దరు కాలేజీ పిల్లలూ కలిసి వారానికి మూడు రోజులు నడుపుతున్నారు. 2024 ఆగస్టులో కమిటీలు మళ్ళీ వేసినప్పుడు పూర్వ విద్యార్థులకూ చోటిచ్చారు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి అలా లోపలికి వచ్చింది.

2025 ఆగస్టు మొదటి తారీఖు నుంచి రాయపురం, తిరువికనగర్ జోన్ల కార్మికులు శుభ్రత పనిని ప్రైవేటుకి ఇవ్వడాన్ని కాదంటూ కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు పేవ్‌మెంటు మీద కూర్చున్నారు. 13 రోజులు. మా తల్లులు దాదాపు అందరూ అక్కడే. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి వీధి దీపం కింద మా పాత అధ్యక్షురాలి కూతురు కూర్చుని ఉంది. ఏడో తరగతి ఇప్పుడు. తమిళ పేపర్లో వాళ్ళ గురించే పడిన వార్తను చుట్టూ ఉన్నవాళ్ళకి పైకి చదివి వినిపిస్తోంది. తల్లి పక్కనే కూర్చుని, అలవాటు కొద్దీ పేపరు మీదికి వంగి చూస్తోంది.

"వేలు పెట్టకనే చదవడం వచ్చుమ్మా నాకు" అని విసుక్కుంది పిల్ల, కళ్ళు పేపరు మీంచి తీయకుండానే.

ఆ నెల కమిటీ సమావేశానికి మా వీధి నుంచి ఎవరూ వెళ్ళలేదు. సెప్టెంబరులో నలుగురు వెళ్ళారు. భాగహారం గురించి మాట్లాడారు.